ఓనమాలకు ఓడెక్కాలా?

నిరుడు వేసవిలో మా నాన్న గాజువాక వచ్చి, వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయరు ఒకటి కొన్నాడు. మాది సబ్బవరం అవతల చిన్న ఊరు. ఎకరా ముప్పై సెంట్లు మా ఆస్తి. చెరకు, దాని పక్కన కొంచెం వంగ, బెండ. పాత స్ప్రేయరు చేత్తో కొట్టి కొట్టి నాన్న భుజం పట్టేసింది. కొత్తది ఇంటికి తెచ్చి డబ్బా విప్పితే లోపల ఒక కాగితం. రెండు వైపులా చైనా అక్షరాలే.

"ఒరే, నువ్వు బియస్సీ కదా, ఇందులో ఏటి రాసుందో సదువు" అన్నాడు నాన్న.

బియస్సీకీ దానికీ సంబంధం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్కన అమ్మ, అప్ప, తాత నా మొహంలోకే చూస్తున్నారు. కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "తర్వాత చెప్తానులే" అని జేబులో పెట్టుకున్నాను. కొట్టువాడు చెప్పినట్టు నాన్న మర్నాడే మందు కొట్టాడు. నెల తిరక్కుండా బ్యాటరీ చచ్చిపోయింది. తర్వాత ఎప్పుడో ఫోనుతో ఆ కాగితాన్ని ఫోటో తీసి చూస్తే, మొదటిసారి వాడబోయే ముందు నిండా చార్జింగు పెట్టాలని అందులో ఉంది.

ఫోను ఉండగా ఇంక భాష ఎందుకురా అన్నాడు మా బావ. నిజమే. కాని ఆ స్ప్రేయరు స్విచ్చికి పైనొకటి, కిందొకటి రెండు అక్షరాలున్నాయి. పైది "ఖాయ్", తెరవడం. కిందిది "క్వాన్", మూయడం. ఆ రెండూ నాకు ఎలా పట్టుకున్నాయో తెలీదు గాని, హాస్టల్లో రికార్డు నోటు వెనక అవే గీస్తూ కూర్చునేవాణ్ణి. వాటి పాత రూపాల్లో రెంటికీ చుట్టూ వాకిలి ఉండేదట, అచ్చం రెండు తలుపు రెక్కల బొమ్మలా. చైనాలో 1950లలో అక్షరాలను తేలిక చేసినప్పుడు ఆ వాకిలి తీసేశారు. అంచేత మా నాన్న స్ప్రేయరు మీద తెరవడానికీ తలుపు లేదు, మూయడానికీ తలుపు లేదు. తైవాన్‌లో మాత్రం ఇప్పటికీ తలుపుతో సహా రాస్తారు.

ఇది సరదా. దీని వెనక బతుకుతెరువు సంగతి కూడా ఒకటుంది. మా క్లాసులో సగం మంది చూపు పరవాడ ఫార్మా సిటీ మీదే. మా సీనియర్ ఒకాయన అక్కడ స్టోర్సులో పనిచేస్తాడు. లోపలికొచ్చే డ్రమ్ముల్లో చాలావాటి మీద చైనా అక్షరాలే ఉంటాయన్నాడు. మన దేశం బయటినుంచి తెప్పించుకునే మందుల ముడిసరుకులో మూడింట రెండు వంతులకు పైగా అక్కడినుంచే వస్తోంది. సరుకు తేడా వచ్చినప్పుడు అటువాళ్లతో ఇంగ్లీషులో రాసి రాసి విసిగిపోతామనీ, కెమిస్ట్రీ తెలిసి వాళ్ల భాష కూడా తెలిసినవాడు ఒక్కడుంటే బాగుణ్ణని మా మేనేజరు అంటాడనీ చెప్పాడు. ఆ ఒక్కడు నేనెందుకు కాకూడదు అనిపించింది. ఇరవయ్యేళ్ల వాడికి అలా అనిపించడం తప్పు కాదు కదా!

ఇక్కడే నేను తప్పటడుగు వేశాను. భాష నేర్చుకోవాలంటే ఆ దేశం పోవాలి, పోవాలంటే ఏజెంటు దగ్గరికి పోవాలి అనుకున్నాను. సిటీలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. ఏసీ గది, గోడ మీద చైనా గోడ బొమ్మ. "తమ్ముడూ, పది నెలల లాంగ్వేజి కోర్సు. ఫీజు, హాస్టలు కలిపి 3 లక్షల 40 వేలు. విమానం నీదే. సీటు ఆగాలంటే ఇవాళే 15 వేలు కట్టెయ్" అన్నాడాయన. నేను ఇంటికొచ్చి చెప్పాను. నాన్న రాత్రంతా మాట్లాడలేదు. పొద్దున్నే బెల్లం డబ్బుల్లోంచి 15 వేలు తీసి ఇచ్చి, "మిగతాదానికి రోడ్డు పక్క నలబై సెంట్లు ఉంది కదా" అన్నాడు.

ఆ నలభై సెంట్ల కోసం ప్లాట్లు వేసేవాళ్లు రెండేళ్లుగా తిరుగుతున్నారు. నాన్న ఇన్నాళ్లూ వాళ్లకు మంచినీళ్లిచ్చి పంపేస్తున్నాడు.

మా తాత ఏమీ అనలేదు. అరుగు మీదనుంచి లేచి పొలం వైపు వెళ్లిపోయాడు. ఆయన పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు పోయిన ఊళ్లలో అదొకటి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపనకు వచ్చిననాడు జనంలో నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లలో తానూ ఉన్నానని చెప్తాడు. తర్వాత వచ్చిన పరిహారం డబ్బుతో సబ్బవరం అవతల ఈ ఎకరా ముప్పై కొన్నాడు. భూమి డబ్బు కావడం, డబ్బు మళ్లీ భూమి కావడం ఒకసారి చూసిన మనిషి. రెండోసారి చూడాలని ఆయనకు లేదు.

15 వేలు కట్టాక, మా కెమిస్ట్రీ మాస్టారికి సంతోషంగా చెప్పాను. ఆయన అభినందిస్తారనుకున్నాను. "ఆ ఊళ్లో వీధిలో ఏం మాట్లాడతారోయ్?" అని అడిగారు.

"చైనా భాషేనండీ."

"ఏ చైనా భాష?"

నాకు జవాబు లేదు. ఏజెంటుకు ఫోను చేశాను. "చైనాలో చైనా భాష కాక తమిళం మాట్లాడతారా తమ్ముడూ?" అన్నాడు. ఊరి పేరు పట్టుకుని నేనే వెతికాను. అది దక్షిణాన క్వాంగ్‌తుంగ్ రాష్ట్రంలోది. అక్కడ స్కూళ్లలో, ఆఫీసుల్లో మాండరిన్. కుర్రాళ్లందరికీ అది వస్తుంది. కాని కూరగాయల బజారులో, ముసలివాళ్ల దగ్గర, ఇళ్లలో వేరే మాట. మాండరిన్ మాత్రమే తెలిసినవాడికి ఆ మాట ఒక్క ముక్క అర్థం కాదు. మూడున్నర లక్షలు పోసి వెళ్లేది క్లాసు అయ్యాక వీధి కూడా పాఠం చెబుతుందనే కదా! ఆ వీధి వేరే పాఠం చెబితే నాలాంటి కొత్తవాడి గతేమిటి? తెలుగు నేర్చుకుందామని వచ్చిన దొరను తీసుకెళ్లి బరంపురం బజార్లో దింపినట్టు. తెలుగు వినబడుతుంది, ఒడియా వినబడుతుంది, ఏది ఏదో పాపం ఆయనకు తెలీదు.

నేను రానని ఏజెంటుకు చెప్పేశాను. 15 వేలు తిరిగి రాలేదు. రశీదు వెనక చిన్న అక్షరాల్లో తిరిగి ఇవ్వబడదు అని ఉంది. అది ఇంగ్లీషులోనే ఉంది. అయినా నేను చదవలేదు. స్ప్రేయరు కాగితం విషయంలో నాన్నను ఏమనడానికీ నాకు హక్కు లేదని అప్పుడే తెలిసింది.

అప్పట్నించీ ఒక రెండొందల పేజీల నోటుబుక్కు పెట్టాను. ఊరికొక పేజీ. ఫీజు, అద్దె, తిండి, దారి ఖర్చు, చివర "వీధిలో ఏ భాష?" అని ఒక గడి. మాస్టారి ప్రశ్న అన్నమాట.

సింగపూర్ పేజీ తొందరగానే నిండింది. విశాఖ నుంచి తిన్నగా విమానం ఉంది, దారి ఖర్చు తక్కువ. అక్కడి ప్రభుత్వం 1979 నుంచి మాండరినే మాట్లాడండి అని తన చైనీయులకు చెబుతోంది. కాని గది అద్దె దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. పైగా నా మొహం చూస్తే అక్కడ ఎవరైనా ఇంగ్లీషులోనే మాట్లాడతారు, కాదంటే తమిళంలో. ఆ పేజీ కొట్టేశాను.

మలేషియా పేజీ మీద మాత్రం చాలా రోజులు మనసు లాగింది. బ్రిటిషువాళ్ల కాలంలో మన విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపులనుంచి అక్కడి కొబ్బరి, రబ్బరు తోటలకు పోయినవాళ్ల మనవలు, మునిమనవలు ఇంకా తెలుగు మాట్లాడుతున్నారు. వాళ్ల తెలుగు సంఘం 1955లో పుట్టింది. ఇటు తెలుగువాళ్లు, అటు చైనావాళ్లు, చైనా మీడియం బడులు, చవకగా తిండి. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. చివరి గడి దగ్గర మళ్లీ అదే చిక్కు. పెనాంగ్ వీధుల్లో హొక్కియన్, కౌలాలంపూర్ వీధుల్లో కాంటనీస్. మాండరిన్ అందరికీ వచ్చుగాని, ఒకే వాక్యంలో మలయు, ఇంగ్లీషు, హొక్కియన్ కలిపేస్తారు. భాష బాగా వచ్చినవాడికి అది పండగ. ఓనమాలవాడికి గందరగోళం.

బీజింగ్ పేజీలో చివరి గడి బంగారం. ప్రామాణిక భాషకు ఆ ఊరి ఉచ్చారణే మూలం. 1962లో మొదలైన భాషా విశ్వవిద్యాలయం ఉంది, చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. కాని 2020లో కరోనాతో తలుపులు మూసుకుని, మన విద్యార్థులకు 2022 ఆగస్టులో గాని వీసాలు మళ్లీ మొదలు కాలేదు. ఆగిపోయిన విమానాలు తిన్నగా మళ్లీ ఎగరడానికి 2025 అక్టోబరు పట్టింది. చదువు మధ్యలో ఇంటికొచ్చి రెండేళ్లు ఫోనులో పాఠాలు విన్న మెడిసిన్ విద్యార్థుల కథలు మన జిల్లాల్లో ఎవర్ని అడిగినా చెబుతారు. నలభై సెంట్లు అమ్ముకుని వెళ్లినవాడికి అటువంటిది వస్తే?

ఈ దేశం విషయంలో ఇంకో మాట కూడా రాయాలి, దాచడం బాగుండదు. మా ఊళ్లో మిలటరీలో చేసి వచ్చిన మామయ్య ఒకాయన ఉన్నాడు. "గల్వాన్‌లో మన సూర్యాపేట కుర్రాడు, కల్నల్ సంతోష్‌బాబు పోయింది వాళ్ల చేతిలోనే కదరా. ఆళ్ల బాస నేర్సుకుంతావా?" అని సూటిగా అడిగాడు. 2020 జూన్ 15 రాత్రి సంగతి అది. నాకు వెంటనే జవాబు రాలేదు. సరిహద్దు దగ్గర జరిగే చర్చల కోసం మన టెరిటోరియల్ ఆర్మీయే 2023లో మాండరిన్ తెలిసినవాళ్లను తీసుకుందని తర్వాత చదివి ఆయనకు చెప్పాను. "అలగైతే సరే" అన్నాడు గాని పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. నాకూ పూర్తిగా తేలలేదు. వంగతోటకు మందు కొట్టాలంటే వాళ్ల పంపే, జ్వరం మాత్రకు వాళ్ల పొడే.

ఒక సాయంత్రం నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఖ్లేబ్ అంటే రొట్టె. వద అంటే నీల్లు. స్పసీబ అంటే దండాలు బాబూ అని" అన్నాడు ఉన్నట్టుండి. తాత రష్యన్ మాటలు చిన్నప్పట్నుంచీ వింటున్నవే. 1980లలో ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు కంట్రాక్టరు కింద కూలికి పోయేవాడు. సోవియట్ ఇంజనీర్లు ఉక్కునగరంలో ఉండేవాళ్లు. 1990లో గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేనాటికి తాతకు నలభై, యాభై మాటలొచ్చేశాయి. అన్నిటికంటే బాగా వచ్చింది "జాఫ్త్ర", అంటే రేపు. కూలి డబ్బులు అడిగినప్పుడల్లా మన కంట్రాక్టరు కూడా ఆ మాటే నేర్చుకుని అనేవాడట!

తాత రష్యా వెళ్లలేదు. రష్యాయే గాజువాక వచ్చింది. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఆ యాభై మాటలు ముప్పై అయిదేళ్లయినా ఆయన నోటినుంచి పోలేదు. నా పద్దులో ఒక గడి తక్కువైందని నాకప్పుడు తోచింది. "అక్కడికి వెళ్లేనాటికి నాకు ఎన్ని మాటలొచ్చు?" అన్న గడి.

మాస్టారితో ఈ మాటంటే ఆయన నవ్వి, తమ దగ్గరున్న పాత పుస్తకం ఒకటి ఇచ్చారు. 7వ శతాబ్దంలో చైనానుంచి వచ్చిన ఇత్సింగ్ అనే బౌద్ధభిక్షువు రాసింది, 1896లో తకకుసు అనే జపాను పండితుడు ఇంగ్లీషులోకి తెచ్చింది. మనకు యువాన్ చ్వాంగ్ బాగా తెలుసు. ధాన్యకటకంలో కొన్ని నెలలుండి చదువుకున్నాడని టెంత్ పిల్లాడు కూడా చెబుతాడు. ఆయన తర్వాత వచ్చిన ఈ ఇత్సింగ్ సొంత డబ్బున్నవాడు కాడు. దారి ఖర్చులు ఒక అధికారి పెట్టుకున్నాడు. 671లో పారశీకుల ఓడ ఎక్కాడు. తిన్నగా నలందా వచ్చెయ్యలేదు. సుమత్రాలోని శ్రీవిజయంలో దిగి, ఆరు నెలలు సంస్కృత వ్యాకరణం మొదలుపెట్టుకున్నాడు. 673లో బెంగాల్ తీరాన తామ్రలిప్తికి చేరి, అక్కడ ఇంకో ఏడాది భాష మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత గాని నలందా వెళ్లలేదు. అక్కడ పదేళ్లు. తన తర్వాత రాబోయే చైనా కుర్రాళ్లకు ఆయన ఇచ్చిన సలహా కూడా ఉంది: ముందు శ్రీవిజయంలో ఏడాదో రెండేళ్లో ఉండి సాధన చేసుకోండి, ఆ తర్వాతే ఇండియా పొండి అని.

ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయాను. పదమూడు వందల ఏళ్ల కిందటే ఎవరో నా నోటుబుక్కు లెక్క చేసిపెట్టారు!

ఇప్పుడు నా పేజీలు రెండే మిగిలాయి. ఒకటి తైపీ. అక్కడి వీధిలో హొక్కియన్ వంటి తైవానీ మాట ఉన్నా, బజారంతా మాండరినే. విదేశీయులకు భాష నేర్పే కేంద్రం ఒకటి అక్కడి నార్మల్ యూనివర్సిటీలో 1956 నుంచి నడుస్తోంది. తైవాన్ ప్రభుత్వం భాష నేర్చుకోవడానికే ప్రత్యేకంగా హ్వాయూ అని స్కాలర్‌షిప్పు ఇస్తుంది. చాలా ఏళ్లపాటు అది నెలకు 25 వేల తైవాన్ డాలర్లు, మన డబ్బుల్లో 65 వేల పైమాట. ఫీజు, అద్దె, తిండి అందులోంచే పెట్టుకోవాలి, విమానం మనదే. వారానికి 15 గంటల క్లాసు తప్పనిసరి. దక్షిణాదివాళ్ల అర్జీలు చెన్నైలో 2012లో తెరిచిన వాళ్ల కార్యాలయానికి వెళ్లాలి. ఓనమాలు రానివాడు కూడా అర్జీ పెట్టుకోవచ్చు. మరి ఇంకేం, ఈ ఏడే పెట్టెయ్ అన్నారు మా రూమ్మేట్లు.

నేను పెట్టలేదు. అది ఒక మనిషికి ఒకసారే ఇస్తారు, ఎక్కువలో ఎక్కువ ఏడాది. ఏమీ రాకుండా వెళితే అందులో మొదటి మూడు నెలలు "నా పేరు ఫలానా, ఇది కలం, అది బల్ల" దగ్గరే గడుస్తాయి. ఆ ముక్కలు నేర్పడానికి తైపీ అక్కర్లేదు. మూడు, నాలుగు వందల మాటలు వచ్చాక వెళితే మొదటి రోజునుంచే బస్సు డ్రైవరూ, కూరగాయలమ్మే ముసలమ్మా నాకు మాస్టార్లే. డబ్బు అంతే, నెలలు అన్నే. చేతికొచ్చే భాష మాత్రం రెట్టింపు. వచ్చిందనే అనుకుంటే, సుమండీ. రాకపోవచ్చు కూడా.

రెండో పేజీ శాంతినికేతన్. టాగోర్ గారు తాన్ యున్‌షాన్ అనే చైనా పండితుడి తోడుతో 1937లో అక్కడ చీనాభవన్ తెరిచారు. ఇప్పటికీ అక్కడ చైనా భాష చెబుతున్నారు. విశాఖలో రైలెక్కితే హౌరా, అక్కణ్ణుంచి బోల్‌పూర్. అదే నా శ్రీవిజయం అనుకుంటున్నాను. డిగ్రీ అయ్యాక అక్కడ సీటొస్తే సరి. రాకపోతే హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఉంది. అదీ కాకపోతే గాజువాకలో అద్దె గదే. ఇప్పటికి ప్రతి రోజూ పది మాటలు. వెనక్కెళ్లేవి అయిదు.

మాస్టారు ఒక సంగతి కనిపెట్టారు. ఇంగ్లీషువాళ్లను బాగా ఏడిపించే చైనా శబ్దాలు కొన్ని మనకు గుణింతంలోనే ఉన్నాయి. ఖాయ్‌లో ఖ మన ఖ. క్వాన్‌లో క మన క. "కాని మీ ఊళ్లో ఒత్తులు మింగేస్తారు కదోయ్. అక్కడ ఒత్తు మింగితే తెరవడం కాస్తా 'చెయ్యాలి' అయిపోతుంది" అన్నారు. మా ఊళ్లో ఖర్చు ఎప్పుడూ కర్సే. నేను హాస్టల్ మేడ మీద నిలబడి ఒత్తులు పలుకుతుంటే కింది గదుల వాళ్లు ఎవరికో దగ్గు పట్టుకుందనుకున్నారు.

సంక్రాంతికి ఇంటికెళ్లి నాన్నకు అంతా చెప్పాను. నలభై సెంట్లు అమ్మక్కర్లేదనీ, ఏడాదో రెండేళ్లో ఆగుతాననీ. ఆయన మొహంలో సంతోషమో, నేను వెనకడుగు వేశానన్న బాధో నాకు తెలియలేదు. చాలాసేపయ్యాక, "అక్కడ సెరకు పండుతాదేటి?" అని అడిగాడు. పండుతుందన్నాను. తైవాన్ ఒకప్పుడు పంచదారతోనే బతికిందనీ, ఇంకా వెనక్కి వెళితే చైనా చక్రవర్తి ఒకాయన చెరకురసం కాచి చక్కెర చేసే విద్య నేర్చుకు రమ్మని మన మగధకు మనుషుల్ని పంపాడనీ చెప్పాను.

"అలగా! అయితే వండడం నేర్సుకోడానికి ఆళ్లే ఇటొచ్చేరన్నమాట" అని నాన్న అమ్మను పిలిచి మరీ చెప్పాడు. అనకాపల్లి మార్కెట్లో ధర పడిపోయిన ఏడాదిలో నాన్న అంత హుషారుగా ఉండడం నేను చూడలేదు. "ఒక ముక్క నాకూ నేర్పరా" అన్నాడు.

నేను "మాయ్" అన్న మాట నేర్పాను. కొనడానికీ అమ్మడానికీ అదే మాట. గొంతు కిందికి దిగి లేస్తే కొనడం. పైనుంచి ఠక్కున పడితే అమ్మడం. నాన్న మర్నాడు పొలంలో చెరకు మోపు కడుతూ పదిసార్లు అన్నాడు. ప్రతిసారీ గొంతు పైనుంచి ఠక్కునే పడుతోంది.

"నాన్నా, నువ్వంటున్నది అమ్మడం."

మోపు కిందపెట్టి, రోడ్డు పక్క నలభై సెంట్ల వైపు ఒకసారి చూశాడు. "అయితే ఆ రెండోది ఎలగనాలో మల్లీ సెప్పు" అన్నాడు.